మొన్‌జెన్ నకాచో సందులో ఒక ఇజాకయా: మండువేసవిలో నిండు మధ్యాహ్న భోజనం

టోక్యోలో జూలై నడిమికి కాస్త అటూ ఇటూగా వానల కాలం ముగిసిందన్న ప్రకటన వెలువడుతుంది, ఆ మర్నాటి నుంచే ఎండ తన ప్రతాపం చూపుతుంది. దీన్ని మన రోహిణి కార్తె ఎండతో పోల్చడం సరికాదు. రాయలసీమలోనో తెలంగాణలోనో వడగాడ్పు ముఖాన్ని కాల్చినా చెట్టు నీడకు చేరితే ఒళ్ళు ఆరుతుంది. ఇక్కడ గాలి నిండా సముద్రపు తేమ ఉండడం వల్ల నీడలో నిలబడినా చెమట ఆరదు. కాకినాడలోనో విశాఖలోనో మే నెల గడిపినవారికి ఈ ఉక్క ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరిన రోజును జపాన్ వాతావరణ సంస్థ 2007 నుంచి ‘మోషోబి’ అనే ప్రత్యేకమైన పేరుతో వ్యవహరిస్తోంది. అలాంటి రోజులు వరుసగా నాలుగు వచ్చేసరికి ఆకలి మందగిస్తుంది, అన్నం సయించదు, సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి. వేసవి వల్ల వచ్చే ఈ నీరసాన్ని జపనీయులు ‘నత్సుబాతె’ అంటారు. ఈ ఏడాది అది నన్ను గట్టిగానే పట్టుకుంది. వారం రోజులపాటు ఆఫీసు కింది అంగడిలో చల్లని నూడుల్స్ డబ్బా కొనుక్కుని, సగం తిని సగం పారేస్తూ నెట్టుకొచ్చాను. ఆ స్థితి నుంచి నన్ను తేర్చినది ఒక చిన్న ఇజాకయాలో, అంటే తాగుడుతో పాటు తిండీ అమ్మే జపాన్ దుకాణంలో, దొరికే మధ్యాహ్న భోజనం. మూడు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళి, వెళ్ళిన ప్రతిసారీ వేరే భోజనం తిన్న తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

నిషి కసాయిలో కాపురం ఉంటూ తోజాయ్ మెట్రోలో నిహోన్‌బాషికో ఓతెమాచికో ఉద్యోగానికి వెళ్ళే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. దారిలో మొన్‌జెన్ నకాచో స్టేషన్ రోజుకు రెండుసార్లు వస్తుంది, కానీ మనవాళ్ళు అక్కడ దిగేది తక్కువ. మొన్‌జెన్ అంటేనే గుడి వాకిలి ముందరి ఊరు అని అర్థం. ఒకప్పుడు ఇక్కడ ఉన్న ఎయితాయ్‌జి ఆలయం ముందు వెలసిన పేట కాబట్టి ఆ పేరు వచ్చింది; ఇప్పుడు ఫుకగావా ఫుదో ఆలయమూ, తొమియోకా హచిమాన్ ఆలయమూ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. పెద్ద రోడ్డు వదిలి పక్క సందుల్లోకి మళ్ళితే అడుగడుగునా ఇజాకయాలే. నేను చెప్పే దుకాణం అలాంటి ఒక సందులో, రెండంతస్తుల పాత ఇంటి కింది భాగంలో ఉంది. బల్లవారగా తొమ్మిది పీటలు, గోడ పక్కన రెండు చిన్న బల్లలు, మొత్తం కలిపి పదిహేడు మందికి చోటు. వంట చేసే పెద్దాయన ఒకరు, వడ్డించే ఆవిడ ఒకరు. ఇంత చిన్న చోటికి ఒక్కసారిగా జనం వచ్చిపడితే వాళ్ళకూ, రోజూ తినేవాళ్ళకూ ఇబ్బంది అవుతుంది కాబట్టి పేరు రాయడం లేదు. దాని తీరు రాస్తున్నాను, ఆ తీరును బట్టి అలాంటివి మరికొన్ని వెతుక్కోవచ్చు.

ఇజాకయా అనగానే మనలో చాలామంది వెనక్కి తగ్గుతారు. సాకె (బియ్యపు సారా), బీరు తాగే చోటు, పిల్లాపాపలతో వెళ్ళదగిన చోటు కాదని అనుకుంటారు. పుట్టుకను బట్టి చూస్తే అది నిజమే. ‘ఎదో’ అనే పాత పాలనాకాలంలో (1603–1868) సారాయి అమ్మే ‘సకయా’లో సరుకు కొని ఇంటికి పట్టుకుపోకుండా అక్కడే ఉండి తాగే అలవాటు నుంచి ఇజాకయా అనే మాట వచ్చింది. రాత్రిపూట ఇప్పుడూ అది తాగేవాళ్ళ చోటే. కూర్చోగానే అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో ఒకటి తెచ్చిపెట్టి, ‘ఓతోషి’ పేరిట దానికి కొన్ని వందల యెన్లు బిల్లులో కలుపుతారు. పగలు మాత్రం అదే బల్ల దగ్గర అదే మనిషి పూర్తిగా మరో పని చేస్తాడు. 1.8 లీటర్ల సాకె సీసాలు అరల్లో అలాగే వరుసగా నిలబడి ఉంటాయి, వాటివైపు ఎవరూ చూడరు. ఓతోషి ఉండదు, ఏదైనా తాగమని అడిగేవాళ్ళు ఉండరు. ఉదయం 11:30కు గుమ్మానికి ‘నోరెన్’ అనే గుడ్డ తెర కడతారు. అది వేలాడుతున్నంతసేపూ భోజనం ఉన్నట్టు, తీసేశారంటే లేనట్టు.

రాత్రి వ్యాపారంతో బతికే దుకాణం మధ్యాహ్నం కూడా పొయ్యి వెలిగించడానికి మంచి కారణమే ఉంది. తెల్లవారుజామున కొన్న చేపలో మేలైన కండను సాయంత్రం పచ్చి ముక్కలుగా కోసి అమ్ముతారు, తలలూ ఎముకలూ మిగిలిపోతాయి. అద్దె ఎలాగూ కట్టాలి. పైగా మధ్యాహ్నం కడుపునిండా తిన్న మనిషి సాయంత్రం మిత్రులను వెంటబెట్టుకుని వస్తాడన్న ఆశ ఉంటుంది. 2018 అక్టోబరులో త్సుకిజి నుంచి తరలివచ్చిన తోయోసు చేపల బజారు ఈ పేట ఉన్న కోతో వార్డులోనే ఉంది. భోజనంలో మిగుళ్ళు తినిపిస్తున్నారని దీనికి అర్థం కాదు. రాత్రి వెయ్యి యెన్లకు ఒక పళ్ళెం అమ్మే చేతులే మధ్యాహ్నం అదే ధరకు పూర్తి భోజనం పెడుతున్నాయని అర్థం. టోక్యోలో డబ్బుకు తగిన తిండి కావాలనుకునేవారు పగటి ఇజాకయాను వదులుకోకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటిసారి వెళ్ళిన రోజు 11:40కే తలుపు బయట ఆరుగురు నిలబడి ఉన్నారు. సందులో నీడ లేదు. పది నిమిషాలు ఎండలో నిలబడేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. వేసవిలో వెళ్ళేవారు గొడుగు పట్టుకెళ్ళడం మంచిది. గోడకు తగిలించిన నల్లబల్ల మీద సుద్దతో నాలుగు పేర్లు రాసి ఉన్నాయి: అజి చేప వేపుడు, ఉప్పు పట్టించి కాల్చిన సబా చేప, కోడి వేపుడు, ఆ రోజు ప్రత్యేకం. ప్రతి దాని పక్కనా ‘తేషోకు’ అని ఉంది. ముఖ్యమైన వంటకం, అన్నం, మిసో (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) చారు, ఊరగాయ, చిన్న గిన్నెల్లో ఒకటి రెండు కూరలు అన్నీ కలిపి ఒకే పళ్ళెంలో ఒకే ధరకు ఇచ్చే భోజనం తేషోకు. మన హోటళ్ళలో ‘భోజనం’ అని బోర్డు మీద రాస్తే ఏమేమి వస్తాయో అడగనక్కరలేనట్టే ఇక్కడా ఎవరూ అడగరు. నేను అజి అడిగాను. కూర్చోగానే ఆవిడ చుట్టచుట్టిన తడి తువ్వాలు ఇచ్చింది. చలికాలంలో దాన్ని వేడిగా ఇస్తారు, వేసవిలో మంచులో పెట్టినంత చల్లగా ఇస్తారు. చేతులు తుడుచుకుని ఒక్క క్షణం రెండు అరచేతుల మధ్యా దాన్ని అలాగే పట్టుకున్నాను. తర్వాత బార్లీ గింజలు వేయించి కాచిన ‘ముగిచా’ కూజాతో వచ్చింది. పంచదార ఉండదు, టీ ఆకు ఉండదు, కాస్త మాడిన గింజ వాసనతో చల్లగా గొంతు దిగుతుంది. ఎండన పడి వచ్చినవాళ్ళకు మన ఇళ్ళలో మజ్జిగ ఎలాగో ఇక్కడ ఇది అలాగ.

పళ్ళెం రాగానే నేను ముందు చూసింది అన్నాన్ని. జపాన్‌లో ఒక భోజనాన్ని చేపతోనో మాంసంతోనో కొలవడం పొరపాటని ఇక్కడ ఉన్న ఎనిమిదేళ్ళలో నాకు తెలిసివచ్చింది. చేప ఎవరైనా కాల్చగలరు. అన్నం, చారు సరిగ్గా కుదిరిన చోటు మాత్రమే మళ్ళీ వెళ్ళదగిన చోటు. ఇక్కడి బియ్యం పొట్టి గింజ. మన సోనా మసూరిలా పొడిపొడిగా విడిపోదు, అయినా ముద్ద కట్టి బంక కాదు. ఈ దుకాణంలో మెతుకు దేనికదే మెరుస్తూ కనిపించింది. పుల్లలతో ఎత్తితే పక్క మెతుకును వదలకుండా వచ్చింది, నోట్లో వేసుకున్నాక విడిపోయింది. ఏమీ కలపకుండా మూడు ముద్దలు తిన్నాను. నమిలేకొద్దీ తీపి తేలింది. వారం రోజుల తర్వాత అన్నం నాకు రుచించినది ఆ పీట మీదనే.

మిసో చారులో చేప తలలూ ఎముకలూ వేసి ఉన్నాయి. ముందు వాటిని మరిగే నీళ్ళలో ముంచి తీసి, నెత్తురూ పొలుసూ కడిగేసి, ఆ తర్వాత మంచినీళ్ళలో కాస్తారు. చివరగా మంట తగ్గించి మిసో కలిపి, మళ్ళీ పొంగనివ్వకుండా దించుతారు. ఆ మొదటి కడుగుడు సరిగ్గా చేయని చోట గిన్నె ముఖం దగ్గరకు రాగానే నీచు తగులుతుంది. ఇక్కడ తగలలేదు. పైన వేసిన సన్నని ఉల్లికాడల వాసన, కింద చేప కొవ్వు కమ్మదనం మాత్రమే ఉన్నాయి. అంత ఉక్కలో వేడి చారు తాగడమేమిటని అనిపించవచ్చు. చెమట రూపంలో పోయిన ఉప్పూ నీళ్ళూ ఆ గిన్నె నుంచే తిరిగి వస్తున్నట్టు అనిపించింది నాకు. జ్వరం తగ్గినవాళ్ళకు మిరియాల చారు పోసే మనకు ఈ సంగతి కొత్తేమీ కాదు.

ఇక అజి. అరచేయంత పొడవుండే ఈ చేప వేసవిలోనే రుచికి వస్తుంది. తల తీసి, వీపు వైపు నుంచో పొట్ట వైపు నుంచో చీల్చి, నడిమి ఎముక తొలగించి, తోక మాత్రం ఉంచి పుస్తకంలా విప్పుతారు. పెద్దాయన ఆ పని చేయడం నేను కూర్చున్న చోటి నుంచి అడుగున్నర దూరంలో కనిపించింది. విప్పిన చేపను పిండిలో అద్ది, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి మీద పెట్టి, అరచేత్తో ఒత్తకుండా వేళ్ళతో పొడిని పైకి ఎగదోశారు. ఒత్తితే పొడి చేపకు అణిగిపోయి పెంకు గట్టిపడుతుంది. నూనెలో వేశాక ఆయన చేపను చూడలేదు, తల కాస్త వంచి శబ్దం విన్నారు. మొదట పెద్ద బుడగలతో మోగిన నూనె క్రమంగా సన్నని గొంతులోకి మారింది. అది మారిన వెంటనే పుల్లలతో తోక పట్టుకుని పైకి ఎత్తి, నూనె కారేదాకా నిలువుగా పట్టుకుని, వలమీద పెట్టారు. పళ్ళెంలోకి వచ్చినప్పుడు రొట్టె పొడి రేకులు ముళ్ళలా నిలబడి ఉన్నాయి. కొరికితే బయటి పొర కరకరలాడింది, లోపలి కండ ఆవిరి చిమ్ముతూ దూదిలా విడిపోయింది. చిక్కని సాస్ పోసుకునేవాళ్ళూ ఉన్నారు, సోయా పోసుకునేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటి చేపను పళ్ళెం అంచున పెట్టిన ఘాటైన ఆవపిండి ముద్ద అద్దుకుని, రెండోదాన్ని నిమ్మరసం పిండుకుని తిన్నాను. ఆవ మన నాలుకకు తెలిసిన రుచి కాబట్టి దానికే నా ఓటు. తోక కూడా తినవచ్చు, అప్పడంలా విరుగుతుంది.

చిన్న గిన్నెల గురించి ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే వేసవి అంతా వాటిలోనే ఉంది. ఒకదానిలో చల్లని తోఫు, దానిమీద తురిమిన పచ్చి అల్లం, సన్నగా తరిగిన మ్యోగా మొగ్గ. మ్యోగా అల్లం జాతి మొక్క. దుంప కాక మొగ్గ తింటారు, వాసనలో అల్లం చలవ ఉంటుంది గాని మంట ఉండదు. రెండో గిన్నెలో వంకాయ. తోలు మీద సన్నని గాట్లు పెట్టి, పిండి అంటించకుండా నూనెలో వేయించి, వేడిగా ఉండగానే సోయా, మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు సారా) కలిపిన చేప రసంలో వేసి, చల్లారాక మంచుపెట్టెలో ఉంచి వడ్డిస్తారు. గుత్తి వంకాయ తిని పెరిగిన నాకు వంకాయను ఇంత చల్లగా, కారం లేకుండా తినవచ్చన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. తోలు ఊదా రంగు చెడకుండా నిగనిగలాడుతోంది, లోపల మాత్రం వెన్న. కొరికినప్పుడు చల్లని రసం నోరంతా పరచుకుంటుంది. పళ్ళెం మూలన తవుడులో ఊరబెట్టిన దోసకాయ ముక్కలు నాలుగు. మనం పశువులకు పెట్టే తవుడునే ఉప్పునీళ్ళతో కలిపి, రోజూ చేత్తో తిరగేస్తూ పులియబెట్టి, అందులో కాయను ఒక రాత్రి పాతిపెడతారు. పులుపు నెమ్మదిగా వస్తుంది, ముక్క మాత్రం కరకర తగ్గదు. అన్నంలోకి నంజుకోవడమనే మాటకు జపనీయులు ఏం వాడతారో గాని, చేసే పని మాత్రం అచ్చంగా అదే.

ఆ నంజుడుతో గిన్నె ఖాళీ అయింది. ‘ఓకవారి’ అంటే మారు అన్నం. ఈ పేటలోని ఇజాకయాల్లో మారు ఎన్నిసార్లయినా ఉచితంగా పెట్టడం మొన్నమొన్నటిదాకా మామూలే. 2024 వేసవిలో అంగళ్ళలో బియ్యం సంచులు దొరకని రోజులు వచ్చాయి. 2025 వసంతానికి 5 కిలోల సంచి సగటున 4,000 యెన్లు దాటి, అంతకు ముందటి ఏడాది ధరకు రెట్టింపయింది. ఇప్పుడు ఈ దుకాణం గోడమీద ఒక కాగితం ఉంది: మొదటి మారు ఉచితం, ఆపైన ప్రతి గిన్నెకూ 100 యెన్లు. దీన్ని నేను తప్పుగా చూడను. బియ్యం రకం తగ్గించి ఉచితమన్న మాట నిలబెట్టుకునే చోట్లు నాకు తెలుసు. ఈ పెద్దాయన అన్నం జోలికి పోకుండా లెక్క మార్చుకున్నారు. మారు పెట్టేటప్పుడు ఆవిడ “సగమా, నిండుగానా?” అని అడుగుతుంది. మన పెళ్ళి పంక్తిలో లాగా వద్దన్నా వేసే మొహమాటం లేదు, అడిగినంతే, కానీ అడిగినది కొలవకుండా.

రెండోసారి సబా తిన్నాను. మన తీరంలో కానాగంతలు అనే చేపకు ఇది దగ్గరి చుట్టం. జపాన్ తీరపు సబా శరదృతువులోనే కొవ్వు పడుతుంది, వేసవిలో చిక్కి ఉంటుంది. అందుకే భోజనశాలలు చాలావరకు నార్వే నుంచి వచ్చే సబా వాడతాయి. చాలామంది ఆ మాట చెప్పరు. ఇక్కడ నల్లబల్ల మీద నార్వే అని స్పష్టంగా రాసి ఉంది. ఆ నిజాయితీ నాకు చేప కన్నా ఎక్కువ నచ్చింది. తోలు బుడగలు కట్టి కాలింది, కొవ్వు పళ్ళెంలోకి కారుతోంది. పక్కనే ముల్లంగి తురుము. రెండు చుక్కల సోయా దానిమీద వేసి చేపతో కలిపి తింటే కొవ్వు వెగటు కొట్టదు. మూడోసారి తిన్న కోడి వేపుడు మాత్రం సాధారణం. ముక్కలు పెద్దవే, కానీ ఆ రుచి టోక్యోలో ఎక్కడైనా దొరుకుతుంది, దానికోసం ఎండలో నిలబడనక్కరలేదు. పైగా ఆ రోజు నాకు దొరికిన పీట నూనె మూకుడుకు ఎదురుగా ఉంది. ఏసీ గాలి అక్కడిదాకా రాదు. భోజనం ముగిసేసరికి ఆకలి తీరిందన్న సంతోషం కన్నా బయటపడ్డానన్న ఊరటే మిగిలింది. ఎడమ కొసన ఉన్న మూడు పీటలు తప్పించి కూర్చోవాలి.

నాలుగోసారి జరిగినది కాస్త బాధపెట్టింది. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన సహోద్యోగి ఒకాయనను వెంట తీసుకువెళ్ళాను. ఆయన పుట్టుక నుంచీ శాకాహారి. నేను ముందే వెళ్ళి అడిగితే కూరగాయలతో ఒక పళ్ళెం సర్దుతామన్నారు, సర్దారు కూడా. వంకాయలో చేప ఉందా అని అడిగితే ఆవిడ లేదని చెప్పింది. ఆయన ఇష్టంగా సగం తిన్నాక, పెద్దాయన బల్ల అవతలి నుంచి వినయంగా, ఆ రసం ఎండు కత్సువో చేప తురుముతో కాచినదని చెప్పారు. సహోద్యోగి గిన్నె పక్కకు జరిపి, “పోనీలెండి, తెలియక జరిగింది కదా” అన్నారు గాని, ఆ తర్వాత అన్నం తప్ప ఏమీ ముట్టలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ముక్క కనిపిస్తేనే చేప, రసంలో కరిగితే అది ‘దాషి’ అన్నది ఇక్కడి ఆలోచన; నీళ్ళలా ప్రతి వంటలోనూ ఉంటుంది కాబట్టి అది ఉందన్న స్పృహే ఉండదు. అయినా ప్రత్యేకంగా అడిగి, ఒప్పుకున్నాక, వంటింట్లో ఒక్క మాట కనుక్కుని చెప్పవలసింది. తప్పులో నాకూ వాటా ఉంది, చేప ఉందా అని కాక దాషి గురించి అడగవలసింది. శాకాహారులు “సకనా నో దాషి మో తబెరారెమసెన్” అని, అంటే చేప రసం కూడా తినలేమని, కూర్చునే ముందే చెప్పాలి. అలా చెబితే ఈ దుకాణంలో మిగిలేవి అన్నం, సోయా వేసిన తోఫు, తవుడు దోసకాయ మాత్రమే. కాబట్టి వారికి ఈ చోటును నేను సిఫారసు చేయను. గొడ్డు మాంసం, పంది మాంసం తినని వారు కూడా ఆ రోజు ప్రత్యేకం ఏమిటో అడిగి తెలుసుకోవాలి. నాలుగోసారి నేను తిన్న ప్రత్యేకం కోడి మాంసమే గాని, ముందు వారం అది చల్లార్చిన పంది మాంసం ముక్కలు.

ఆ నాలుగో రోజు ప్రత్యేకం గురించి ఒక్క మాట. కోడి రొమ్ము ముక్కలను ఉడికించి చల్లార్చి, ఉప్పులో వేసి గింజ తీసిన పుల్లటి ఉమె పండు గుజ్జు, షిసో అనే సువాసన ఆకుల తురుము కలిపి పెట్టారు. ఉమె పులుపు నాలుక మీద పడగానే నోట్లో నీళ్ళూరాయి. మామిడికాయ పప్పు దొరకని ఊళ్ళో ఆగస్టు మొదటి వారంలో అలాంటి పులుపు దొరకడం నాకు పండగే. ఆ రోజు రెండో మారుకు 100 యెన్లు కట్టాను.

ధర 980 నుంచి 1,150 యెన్ల వరకు, పన్ను కలిపే. మన లెక్కలో 700 రూపాయలు దాటదు. నగదు మాత్రమే తీసుకుంటారు. పన్నెండు దాటి ఐదు నిమిషాలకు చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళంతా వస్తారు. ఆ తర్వాత నెమ్మదిగా తినే వీలుండదు, ఎవరూ లేవమనరు గాని తలుపు బయట నిలబడినవాళ్ళు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంటారు. 11:30కు ముందే చేరడమో ఒంటిగంట దాటాక వెళ్ళడమో మేలు, అయితే ఒంటిగంటకు అజి మిగలకపోవచ్చు. టిప్పు ఇవ్వకూడదు. లేచేటప్పుడు “గొచిసోసమా” (మంచి భోజనం పెట్టారు) అని చెబితే చాలు. పెద్దాయన చేతిలో పని ఉన్నా తల తిప్పి చూసి జవాబిస్తారు.

ఆగస్టు నడుమ తొమియోకా హచిమాన్ ఉత్సవంలో పల్లకీలు మోసేవాళ్ళ మీద వీధి పొడవునా నీళ్ళు కుమ్మరిస్తారు. ఆ వారమంతా మధ్యాహ్న భోజనం ఉండదని తలుపుకు కాగితం అంటించారు, కింద 18వ తేదీ నుంచి మళ్ళీ అని చేత్తో రాశారు. 18న ఎడమ కొస పీటలు కాకుండా చోటు దొరికితే అజి, దొరక్కపోతే ఒంటిగంటకు మళ్ళీ వెళ్ళి ఏది మిగిలితే అది తినాలని అనుకుంటున్నాను.